సమానమా? న్యాయోచితమా?

ఆంగ్లమున పంపకములను గూర్చి చెప్పునపుడు వాడు 'ఎక్విటబుల్' అను విశేషణమునకు మన అనువాదములలో 'సమానమైన' అను మాట తరచుగా కనిపించును. ఇందుకు కారణము లేకపోలేదు. 'ఈక్వల్', 'ఎక్విటబుల్' అను రెండును, లాటినులో 'చదునైన' అను అర్థముగల ఒకే మూలమునుండి పుట్టినవి. కాని ఆ తోబుట్టువులు వేరు కాపురములు పెట్టి చాలకాలమైనది. మొదటిది కొలతను చెప్పును. రెండవది ధర్మమును చెప్పును. తండ్రి పొలమును నలుగురు కొడుకులకు నాలుగు సమభాగములు చేసిన అది ఈక్వల్. పంక్తిలో పసివానికొక ముద్దయు, దుక్కి దున్ని వచ్చినవానికి నాలుగు ముద్దలును వడ్డించిన అది ఎక్విటబుల్.

కృష్ణాజలముల విషయమున ఈ భేదము స్పష్టముగా గోచరించును. 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునలు పాటించిన సూత్రము ఎక్విటబుల్ పంపకమే. 1973 నాటి నిర్ణయమున 2,060 టి.ఎం.సి.ల నీటిలో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 లభించినవి. సమానతయే సూత్రమైనచో ఒక్కొక్కరికి ఇంచుమించు 687 రావలెను. అట్లు రాలేదు, అప్పటికే నీరు పారుచున్న పొలములకు రక్షణ లభించినది. దీనిని 'సమాన పంపకము' అని అనువదించినచో తీర్పు తన్ను తానే ఖండించుకొన్నట్లు తోచును.

మరి ఏ మాట వాడవలెను? హిందీ న్యాయపరిభాషలో ఎక్విటీకి 'సామ్యా' అను మాట నిలిచినది. దానిని మనము తెచ్చుకొనరాదు. 'సామ్యవాదము' మనకు సోషలిజము, హిందీవారికి కమ్యూనిజము. 'సమంజసము' మంచి మాటయే. కాని అంతర్జాతీయ నదులను గూర్చిన 1966 నాటి హెల్సింకి నియమములు 'రీజనబుల్', 'ఎక్విటబుల్' అను రెంటిని జంటగా వాడినవి. సమంజసమును మొదటిదాని కిచ్చినచో, రెండవదానికి 'న్యాయోచితము' తగియున్నది. 'ఉచితము' అనగా నేడు ఊరకే వచ్చునదని వాడుక. అయినను న్యాయముతో కూడినపుడు 'తగినది' అను తొలి యర్థమే నిలుచును.

2014లో వేరుపడిన రెండు తెలుగు రాష్ట్రములును ఆ 800 టి.ఎం.సి.లను గూర్చి వాదించుకొనుచున్నవి. ఆంధ్రప్రదేశ్ పూర్వపు వాడుకను, తెలంగాణ పరీవాహక ప్రాంతమును ప్రమాణముగా చూపుచున్నవి. ఏది న్యాయోచితమో తేల్చవలసినవారు న్యాయమూర్తులు. 'సమానము' అని వ్రాసి, అనువాదకుడు వారికంటె ముందుగా తీర్పు చెప్పరాదు.