చైనా కంచు ధూపపాత్రలపై అరబీ లిపి

చైనా ముస్లిముల కంచు పాత్రలను పరిశీలించేవారు తరచు రెండు ప్రశ్నల వద్దనే ఆగిపోతారు. పాత్ర ఏ కాలానిది? దానిపైనున్న అరబీ నిర్దుష్టమేనా? 1934లో బెర్తోల్డ్ లౌఫర్ ‘ఆర్స్ ఇస్లామికా’ పత్రికలో వీటిపై ప్రత్యేక వ్యాసం ప్రచురించాడు. ఆ తరువాత కూడా ఈ రెండు ప్రశ్నలకే ప్రాధాన్యం లభిస్తూ వచ్చింది.

మొదటి ప్రశ్నకు పాత్ర అడుగునున్న ముద్ర నమ్మదగిన సమాధానం కాదు. మింగ్ చక్రవర్తి షువాన్‌దె (1426–1435) ముద్ర గల పాత్రలలో అధికభాగం తరువాతి శతాబ్దాలలో పోతపోసినవే. ఆ చక్రవర్తి కాలపు కంచుకు గల కీర్తియే దీనికి కారణం. జెంగ్‌దె (1506–1521) కాలపు నీలి చిత్రణ గల పింగాణీపై అరబీ, పారసీ లేఖనాలున్న మాట నిజమే. కాని ఆ పేరు కనిపించిన ప్రతి కంచు పాత్రా ఆ కాలానిదే అనడానికి ఇది ఆధారం కాజాలదు.

ఇంతకంటె ముఖ్యమైనది పాత్రల ప్రయోజనం. బౌద్ధుల పూజాపీఠంపై ధూపపాత్రతోపాటు రెండు దీపస్తంభాలు, రెండు పూలపాత్రలు ఉంటాయి. ముస్లిముల సమితిలో మూడే వస్తువులు: ధూపపాత్ర, సుగంధద్రవ్యాల భరిణె, ధూపం సర్దే గరిటెను ఇతర పనిముట్లను నిలిపే చిన్న కూజా. చైనా విద్వాంసుల పఠనమందిరాలలోనూ ఈ మూడే ఉండేవి. దీపం లేదు, పుష్పార్చన లేదు. ఖుర్‌ఆన్ పారాయణ వేళ పరిసరాలను సువాసితం చేయడమే ఇక్కడ ధూపం పని. పాత్ర ఆకృతి మాత్రం ప్రాచీన చైనా పితృకర్మల పాత్రలనుండి వచ్చినదే. కొన్నింటి పిడులకు జంతుముఖాలు కూడా ఉన్నాయి. ఆ ఆకృతిపై తౌహీద్‌ను చాటే కలిమా నిలిచింది. దైవస్మరణలో కలిమాయే శ్రేష్ఠమన్న హదీసు కూడా కొన్నింటిపై కనిపిస్తుంది. విమర్శకుడు తూచవలసినది ఈ కలయికనే.

ఇక లిపి. చైనా ముస్లిముల ‘సీనీ’ శైలిలో గీత మందంగా మొదలై కత్తిమొనలా సన్నబడుతుంది. కుంచె రాతకు అలవాటుపడిన చేతివాటం అది. దానిని బగ్దాదు, ఇస్తాంబుల్ కొలతలతో కొలిచి లోపమనడం న్యాయం కాదు. అయితే ప్రతి వైకల్యాన్నీ శైలి పేరిట సమర్థించడమూ తగదు. ఉత్తమమైన పాత్రలలో అక్షరం చట్రాన్ని నింపి, గరుకైన నేపథ్యంపై ఉబ్బెత్తుగా నిలుస్తుంది. పాత్రను త్రిప్పుతూ చదివితే వాక్యం పూర్తవుతుంది. నాసిరకం వాటిలో అక్షరాలు తెగి, చుక్కలు చెదరి, వాక్యం లతలా మారిపోతుంది.

అక్కడ పోయినది అందం కాదు, అర్థం. కలిమా అలంకారానికి వ్రాసినది కాదు, పఠించడానికి వ్రాసినది. కనుక ఈ పాత్రలకు వయసుకంటె, అరుదుదనంకంటె పఠనీయతయే మొదటి గీటురాయి కావాలి.