పెరెక్ 'వస్తువులు': కోరికకు క్రియారూపము

వస్తుసమృద్ధి మనుష్యుని అలవాట్లను మార్చుననుట అందఱు నెఱిగినదే. ఆ మార్పును నవల యెట్లు నిరూపించును? ఈ ప్రశ్నకు ఫ్రెంచి రచయిత జార్జి పెరెక్ (1936–1982) 1965లో ప్రకటించిన 'లె షోజ్', అనగా 'వస్తువులు', చక్కని లక్ష్యము. ఆ యేడే దీనికి రెనోదో బహుమానము లభించినది.

రెండవ ప్రపంచయుద్ధానంతరము ఫ్రాన్సు త్వరితముగా సంపన్నమైనది. 1963లో కార్ఫూర్ సంస్థ పారిస్ సమీపమున తన మొదటి బృహద్విపణిని తెఱచినది. కథానాయకులగు జెరోమ్, సిల్వీ అనువారు ఆ కాలపు బిడ్డలు. జనులు ఏ వస్తువును ఏల కొందురో అడిగి తెలిసికొనుట వారి వృత్తి. ఇతరుల కోరికలను కొలుచువారే తమ కోరికలకు బందీలైరి.

ఈ నవలను దురాశాపరులపై నిందగా చదువుట సులభము. ఆ పఠనము నాకు సమ్మతము కాదు. రచయిత తీర్పు చెప్పడు. ఆ పనిని క్రియాపదములకు వదలును. ప్రథమాధ్యాయమున నొక గృహము వర్ణితము: తివాచీలు, పుస్తకములు, దీపములు. ఆ వర్ణన సంభావనార్థక క్రియలతో సాగును. పిమ్మట మొదటి భాగమున గతకాలపు అభ్యాసమును తెలుపు క్రియ ప్రబలును. ఉపసంహారమున భవిష్యత్తు వచ్చును. కోరిక, అలవాటు, లొంగుబాటు: ఇదియే యీ నవల వ్యాకరణము.

తెనుగు చేయబూనినవారికి ఇచ్చటనే చిక్కు కలుగును. 'చూపు తివాచీపై జారును' అన్నచో అది మనకు తద్ధర్మము. నిత్యము జరుగు పనిగా తోచును. ఊహయని తెలియవలెనన్న 'ధనమున్నచో' అని చేదర్థకమును ముందు చేర్పవలెను. కాని పెరెక్ ఆ మాటను అచ్చట దాచెను. ధనవంతులు కావలెనను వాంఛ రెండవ అధ్యాయమున గాని బయటపడదు. వస్తువు ముందు, వెల తరువాత: అంగడి అద్దపుబీరువా యెదుట నిలిచినవాని మనఃస్థితియు నిదియే. అనువాదకుడు 'ధనమున్నచో' అని ముందే చెప్పెనా, నవలలోని మోహము తొలగి నీతి మాత్రము మిగులును.

మఱి వస్తువులను విడిచిన ముక్తి కలుగునా? ఆ దంపతులు ట్యునీషియాలోని స్ఫాక్సు నగరమునకు పోయిరి. అచ్చట కోరిక సన్నగిల్లెను. దానితో జీవితమును వెలవెలబోయెను. వారిని నడపినది కోరికయే యగుటచే, అది పోగా వారికి మిగిలినది శూన్యము. తుదకు వారు మరలి వచ్చి మంచి యుద్యోగములలో చేరుదురని ఉపసంహారము సూచించును. అచ్చటి భవిష్యత్క్రియ ఆశను తెలుపదు; తప్పనిసరిని తెలుపును.

వినియోగ సంస్కృతిని గూర్చిన రచనలను పరిశోధించు విద్యార్థులు సాధారణముగా వస్తువుల పట్టికలు వ్రాయుదురు. పట్టిక చాలదు. ఆ వస్తువుల ప్రక్కనున్న క్రియ 'కలదు' అనుచున్నదా, 'ఉండిన బాగుండును' అనుచున్నదా యని పరిశీలింపవలెను. మనుష్యుడు దేనికి లోబడెనో నామవాచకము తెలుపును. ఎట్లు లోబడెనో క్రియయే తెలుపును.