ఎక్టన్ రాళ్లు, గ్వినెడ్ కాగితాలు

ఇంగ్లండ్ పల్లెల నుంచి అమెరికా వెళ్లిన రెండు కుటుంబాల పుట్టుపూర్వోత్తరాలు పక్కపక్కన పెట్టి చదివాను. ఒకటి నార్తాంప్టన్‌షైర్‌లోని ఎక్టన్ ఫ్రాంక్లిన్లది. రెండోది డెవన్‌లోని బ్రాడ్‌నించ్ నుంచి కదిలిన బూన్లది, వీళ్లు క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు. వెతికేవాడి చేతికి ఏం దొరుకుతుందో పూర్వీకుల మతమే తేల్చేసింది.

1758లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ కొడుకును వెంటబెట్టుకుని తండ్రి పుట్టిన ఎక్టన్ వెళ్లాడు. అక్కడి చర్చి రిజిస్టర్ 1555 నుంచి ఉంది. ఐదు తరాలుగా తాను చిన్నకొడుకుకు చిన్నకొడుకునని అందులోంచే లెక్క తీశాడు. సమాధి రాళ్లకు నాచు పట్టి అక్షరాలు కనబడకపోతే చర్చి గురువు భార్య బ్రష్షూ పళ్లెంతో నీళ్లూ తెప్పించింది. పీటర్ రుద్దాడు, కొడుకు రాసుకున్నాడు. ఈ పీటర్, ఫ్రాంక్లిన్‌కు బానిస. అతని తాతముత్తాతల పేర్లు ఎవరు రాసిపెట్టారు?

బూన్ల దారిలో రుద్దడానికి రాళ్లే లేవు. ఆ రోజుల్లో క్వేకర్లు సమాధి రాయి కూడా ఆడంబరమే అనుకునేవాళ్లు. బాప్తిస్మం లేదు కాబట్టి పిల్లల కోసం చర్చి రిజిస్టర్ తిరగేసినా లాభం లేదు. ఎక్కువగా ఆసరా అయ్యేవి నెలనెలా జరిగే సభల మినిట్స్. నేతపని చేసే జార్జ్ బూన్ 1717లో పెన్సిల్వేనియా చేరి, గ్వినెడ్ సభలో కల్లంప్టన్ సభ ఇచ్చిన యోగ్యతాపత్రం చూపించాడు. సముద్రానికి ఇవతలి ఊరినీ అవతలి ఊరినీ ఒకే వాక్యం కలిపేసింది. ఎక్టన్ రిజిస్టర్‌కు ఇది చేతకాదు. ఊరు విడిచినవాడి సంగతి దానికి పట్టదు.

ఆ మినిట్స్ ఇంకా చాలా చెబుతాయి. 1720లో అదే జార్జ్, సభ పద్ధతి తప్పి కూతురి పెళ్లి మాటలకు తొందరపడి ఒప్పుకున్నానని తప్పు అంగీకరించాడు. కొడుకు స్క్వైర్ మాత్రం అలా తలవంచలేదు. తన కొడుకు బయటి పిల్లను చేసుకున్నందుకు పశ్చాత్తాపపడమంటే పడనన్నాడు, 1748లో వెలివేశారు. రెండేళ్లకు కుటుంబమంతా ఉత్తర కరోలినా దారి పట్టింది. అందులోని ఒక కుర్రాడే తర్వాత కెంటకీ అడవుల్లో పేరు మోసిన డేనియల్ బూన్.

రిజిస్టర్ మనిషి తేదీలు చెబుతుంది, మినిట్స్ మనిషిని చెబుతాయి. నా ఓటు మినిట్స్‌కే. అయితే వాటి నోరు ఎక్కువగా లేచేది ఎవరైనా తప్పు చేసినప్పుడే. గుట్టుగా బతికిన క్వేకర్ కావాలంటే పెళ్లి పత్రాలు చూడాలి; పెళ్లికొచ్చినవాళ్లంతా వాటిపై సాక్షి సంతకాలు పెట్టేవారు. ఈ కాగితాల్లోంచి అమెరికా క్వేకర్ల వంశావళిని సంపుటాలుగా కూర్చిన విలియం వేడ్ హిన్‌షా ఒకప్పుడు ఒపెరా గాయకుడంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

మీరూ ఆ కాగితాలు తిరగేస్తే ఒక్క జాగ్రత్త. జార్జ్ యోగ్యతాపత్రం చదివింది ‘పదో నెల’లో. క్వేకర్లు నెలల పేర్లు పలికేవారు కాదు, అంకెలే వేసేవారు. 1752కు ముందు వాళ్ల లెక్క మార్చితో మొదలయ్యేది. అది అక్టోబర్ కాదు, డిసెంబర్.