జెండా దించే మనిషి

ఎల్లారెడ్డి దాటి నిజాంసాగర్ కట్టెక్కిన వాళ్లకు నీటి మీది గాలి సంగతి తెలుసు. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆ మంజీర జలాశయం గాలికి లోటు చేయదు. తెరచాప పందెం చూడాలంటే మాత్రం కామారెడ్డిలో రైలెక్కి హుస్సేన్‌సాగర్‌కు రావాల్సిందే.

అక్కడ అందరి కళ్లూ ఆప్టిమిస్ట్, లేజర్ పడవల మీదే. నేను చూసేది లంగరేసిన పడవలో గడియారం పట్టుకున్న రేస్ ఆఫీసర్‌ని. గాలికి అడ్డంగా, తన పడవ మీది జెండా కర్రకూ దూరాన తేలే బోయాకూ మధ్య ఆయన ఒక గీత ఊహిస్తాడు. గీత కాస్త ఒరిగిందా, పడవలన్నీ ఒకే మూలకు ఎగబడతాయి. ఒడ్డున భవనాలు, గాలేమో కుదురుగా ఉండదు. పిల్లలు విసుక్కున్నా బోయా మళ్లీ జరపాల్సిందే.

ఐదు నిమిషాలుండగా తరగతి జెండా ఎక్కుతుంది, నాలుగుకు సన్నాహక జెండా. నిమిషం ఉందనగా రెండోది దిగుతుంది; మొదటిది దిగితే పందెం మొదలైనట్టే. ప్రతిసారీ హారన్ మోగుతుంది గానీ లెక్క జెండాదే, హారన్ మొరాయించినా పందెం ఆగదు. ఒకరిద్దరు ముందే గీత దాటితే తెల్లగుడ్డ మీద నీలి శిలువ ఉన్న ఎక్స్ జెండా. ఎవరో తేలనంత మంది దాటితే అందరినీ వెనక్కి పిలవాలి. దానికి గుండె ధైర్యం కావాలి.

నాకు మరీ నచ్చేది గాలి పడిపోయినప్పుడు. వాయిదా జెండా ఎగరేసి, సణుగుళ్లన్నీ వింటూ తాపీగా కూర్చుంటాడు. గాలి కుదిరాక దాన్ని దించుతాడు. ఆ తర్వాత నిమిషానికి మళ్లీ ఐదు నుంచి లెక్క.