ముందు ఒక ప్రశ్న

మా మేనకోడలు ఇంటర్ పాసై, బీఏలో ఫిలాసఫీ తీసుకుంటానంది. అందులోనూ నీతిశాస్త్రమే కావాలట. ఆ పాఠాలు చెప్పే రిటైరైనవాణ్ణి కనక ఇంట్లో అందరూ నా వైపు చూశారు. ఎందుకమ్మా అని అడిగాను.

"తాతయ్యకి వెంటిలేటర్ తీసెయ్యాలా వద్దా అని ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో మీరంతా మాట్లాడుకున్నారు కదా మావయ్యా. ఎవరు చెప్పింది న్యాయమో నాకిప్పటికీ తేలలేదు."

తీసెయ్యమన్నది నేనే. ఈ చదువుకి ఆ తేలని ప్రశ్నను మించిన అర్హత లేదనిపించింది.

కాగితం తీసుకుని కూర్చున్నాం. మొదటి ఏడాది తర్కం తప్పనిసరి. ఆ తర్వాత అరిస్టాటిల్, కాంట్, మిల్, వాళ్ల పక్కనే గీత. గైడ్లు కాదు, మూలాలే చదవాలి. నిష్కామకర్మా, కాంట్ చెప్పే కర్తవ్యమూ ఒకటేనని పరీక్షల్లో చాలామంది రాసేస్తారు. గీతలో ఎవరి స్వధర్మం వారిది. కాంట్ నియమం అందరికీ ఒకటే. ఆ తేడా పట్టుబడితే రెండో ఏడాది దక్కినట్టే.

ఆ సాయంత్రమే జేమ్స్ రేచల్స్ 1975లో ఒక వైద్య పత్రికకి రాసిన చిన్న వ్యాసం చదివించాను. ఆస్తి కోసం ఒకడు ఆరేళ్ల పిల్లవాణ్ణి స్నానాల తొట్టిలో ముంచి చంపుతాడు. ఇంకొకడూ అందుకే వెళ్తాడు, కానీ పిల్లవాడు తనే జారిపడి మునిగిపోతుంటే చూస్తూ నిలబడతాడు. చంపడానికీ చావనివ్వడానికీ తేడా ఏముందంటాడు రేచల్స్.

"తాతయ్య సంగతి ఇలాంటిది కాదు" అంది కళ్లనీళ్లతో. ఎక్కడ కాదో ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించమన్నాను. గంట పట్టింది. "వీళ్లకి పిల్లవాడి మంచి అక్కర్లేదు, మీకు తాతయ్య మంచే కావాలి" అని పెన్సిల్‌తో అంచున రాసింది. అంటే తేడా ఉద్దేశంలో ఉందన్నమాట, రేచల్స్ అనేదీ దాదాపు అదే కదా అన్నాను. మళ్లీ మొదటి పేజీకి వెళ్లింది.

చివరి ఏడాది ప్రాజెక్టుకి 2018 నాటి సుప్రీంకోర్టు తీర్పు రాసుకున్నాం. కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపడాన్ని అనుమతించిన తీర్పు అది. అయిదుగురు న్యాయమూర్తులదీ ఒకటే నిర్ణయం, కారణాలు మాత్రం నాలుగు అభిప్రాయాలుగా విడివిడిగా రాశారు.

ఉద్యోగం మాటేమిటని మా చెల్లెలు అడిగింది. అడగాల్సిందే. తోడుగా సైకాలజీ, పైన లా అనుకున్నాం. సివిల్స్ మెయిన్స్‌లోనూ 2013 నుంచి నీతిశాస్త్రానికి 250 మార్కుల పేపరుంది. అయినా మీ పిల్లలెవరైనా ఈ చదువు కోరితే, జీతం గురించి అడిగేముందు, ఏ ప్రశ్న నిద్రపోనివ్వడం లేదో అడగండి.