నిజనిర్ధారణ నుంచి పత్రికా రచనకు: నెల్లూరు సారా ఉద్యమం, బాలగోపాల్

కె. బాలగోపాల్ (1952–2009) పత్రికా రచనను ఆయన ఉద్యమ జీవితానికి అనుబంధంగా చూడటం మన విమర్శలో అలవాటైపోయింది. ఉద్యమం ముందు, రచన తరువాత అనే ఈ విభజన ఆయన విషయంలో నిలవదు. 1980ల తొలినాళ్లలో, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధిస్తున్న రోజుల్లోనే ఆయన ‘ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’కి రాస్తున్నారు. 1983లో ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం ప్రధాన కార్యదర్శి అయి దాదాపు పదిహేనేళ్లు ఆ బాధ్యతలో ఉన్నారు. అయితే ఆ రచనలో ఒక మలుపు ఉంది. దానిని నెల్లూరు జిల్లా దగ్గర ఆగి పరిశీలించాలి.

అంతవరకు పౌరహక్కుల రచనకు ప్రధాన రూపం నిజనిర్ధారణ నివేదిక. ఎన్‌కౌంటర్ జరిగిన ఊరికి వెళ్లడం, సాక్షులను విచారించడం, పోలీసుల కథనంలో పొసగని అంశాలను బయటపెట్టడం దాని పద్ధతి. అందులో ముద్దాయి రాజ్యం. ఊరు సాక్షి మాత్రమే. 1992లో దూబగుంట మొదలుకొని నెల్లూరు పల్లెల స్త్రీలు సారా దుకాణాలు మూయించి, వేలంపాటలను అడ్డుకున్నప్పుడు ఈ చట్రం చాలలేదు. దెబ్బలు పడేది ఇంట్లో. అందుకు కారణమైన సరుకుకు అనుమతి పుట్టేది ప్రభుత్వ కచేరీలో. రాష్ట్ర ఆబ్కారీ ఆదాయం 1970–71లో 39 కోట్ల రూపాయలు కాగా, 1991–92 నాటికి 812 కోట్లకు చేరింది. తాగి వచ్చిన భర్త, పాట పాడుకున్న కాంట్రాక్టరు, ఖజానా: వీరిలో ముద్దాయి ఎవరు?

ఆ ఏడాది నవంబరులో అదే వీక్లీలో బాలగోపాల్ రాసిన వ్యాసం శీర్షిక ‘స్లేయింగ్ ఆఫ్ ఎ స్పిరిచువస్ డీమన్’. ‘మద్యాసుర వధ’ అని అనువదించవచ్చు గాని, మద్యాన్నీ భూతాన్నీ ఒకే మాటలో స్ఫురింపజేసే శ్లేష పోతుంది. ఈ పౌరాణిక ధోరణిని కేవలం ప్రశంసగా చదవడం తొందరపాటని నా అభిప్రాయం. అసురుడు ఒక్కడే అయితే వధతో కథ ముగియాలి. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో రెండవది సడలింది. శీర్షికలోని వ్యంగ్యం ఆనాటికన్నా ఈనాడే పదునుగా వినిపిస్తుంది.

ఒక అభ్యంతరం మాత్రం మిగులుతుంది. ఈ స్త్రీలలో ఎందరో అక్షరజ్యోతి రాత్రి బడుల్లో అప్పుడే అక్షరాలు దిద్దుకున్నవారు. వారి గురించిన ఇంత ముఖ్యమైన వ్యాసం వారు చదవలేని భాషలో వచ్చింది. ‘ఈనాడు’ వంటి తెలుగు పత్రికలు వారి పోరాటానికి విస్తృతంగా చోటిచ్చాయి. కాని పత్రిక చేతిలో అది క్రమంగా నిషేధ ప్రచారంగా కుదించుకుపోయింది. విశ్లేషణ ఒక భాషలో, వార్త మరో భాషలో ఉండిపోయాయి. తెలుగు పత్రికల్లో బాలగోపాల్ రాసిన వ్యాసాలను ఈ ఖాళీని పూడ్చే ప్రయత్నంగా చదవవచ్చు. వాటిని ఇంగ్లీషు వ్యాసాల పక్కన పెట్టి, కాలక్రమంలో చదివిన పరిశోధన మనకు కావాలి.

1998లో మానవ హక్కుల వేదిక ఏర్పడినప్పుడు, రాజ్యహింసతో పాటు కులం, లింగభేదం వంటి సామాజిక ఆధిపత్యాలూ హక్కుల ప్రశ్నలేనన్న వాదన ముందుకు వచ్చింది. ఆ వాదనకు మూలాన్ని సాధారణంగా నక్సలైటు హింసపై పౌరహక్కుల సంఘంలో జరిగిన చర్చలోనే వెదుకుతారు. నెల్లూరు వ్యాసం దానికి ఆరేళ్లు ముందుది.