రన్‌వే మీద రాళ్లేరేవాళ్లు

పాపన్నపేటలో విమానం దిగదు. అక్కడి ఏడుపాయల దగ్గర చీలే మంజీర నది వెంట ఎగువకు పోతే మాత్రం బీదర్ తగులుతుంది. అక్కడి ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ 1942లో, రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగా వెలిసింది. 1963 నుంచి పైలట్లకు శిక్షణ కేంద్రం. మామూలు ప్రయాణికులు అక్కడ విమానం ఎక్కింది 2020 ఫిబ్రవరిలోనే, అదీ బెంగళూరుకు. సూర్యకిరణ్ జట్టు గాల్లో చేసే విన్యాసాలకు చప్పట్లు కొట్టేవాళ్లకు కొదవలేదు. నాకు ముచ్చటేసేది కింద తలవంచుకుని నడిచేవాళ్లను చూస్తేనే.

ఇలాంటి స్థావరాల్లో సిబ్బంది వరుసకట్టి, బియ్యంలో రాళ్లేరినట్టు రన్‌వేను గాలిస్తారు. ఊడిన బోల్టు, తీగముక్క, కంకర, ఏది కనబడినా సంచిలో పడాల్సిందే. జెట్ ఇంజిన్ గాలితోపాటు వాటినీ లోపలికి లాగేస్తుంది. బ్లేడు చిట్లిందా, ఖర్చు సంగతి అటుంచి ప్రాణాలకే ముప్పు. 2000 జులై 25న పారిస్ దగ్గర కాంకార్డ్ విమానం కూలడానికి మూలం, అంతకుముందు ఎగిరిన విమానం నుంచి ఊడిపడ్డ మూరెడు లోహపు పట్టీ. దాని మీదుగా వెళ్లిన టైరు పేలింది, ముక్క తగిలి ఇంధన ట్యాంకు పగిలింది. 113 మంది పోయారు. ఆ పట్టీని ముందే ఎవరైనా ఏరి ఉంటే వార్తే ఉండేది కాదు. ఈ పనికి పేరు రాకపోవడానికి కారణం కూడా అదే.

ఇక పిట్టలు. అవి ఇంజిన్‌లో పడినా ముప్పే. టపాకాయలు కాల్చి తరమడం నేలమీది సిబ్బంది వంతే. గద్దలను పిలిచేది మాత్రం మనం ఆరుబయట పారేసే మాంసపు వ్యర్థాలు. విమానాశ్రయం పక్కన ఇల్లుంటే, ఆ చెత్త మూటను గోడవతల విసరకండి.